పిల్లులు, ఐస్‌క్రీమ్, మంచి పేరు

జాన్ రాన్సన్ రాసిన ‘సో యు హావ్ బీన్ పబ్లిక్లీ షేమ్డ్’ 2015లో వచ్చింది. పదేళ్లు దాటినా ఆ పుస్తకం పేరెత్తగానే అందరికీ గుర్తొచ్చేది విమానం కథే. 2013 డిసెంబరులో ఒకామె కేప్‌టౌన్ విమానం ఎక్కబోతూ ఎయిడ్స్ మీదా, చర్మం రంగు మీదా ఒక చెత్త జోకు ట్వీట్ చేసింది. ఆమెని ఫాలో అయ్యేవాళ్లు 170 మంది. 11 గంటల ప్రయాణం. ఆమె నిద్రపోతున్న ఆ కాసేపట్లో, ముక్కూ మొహం తెలియని జనం ఆమె ఎప్పుడు దిగుతుందా అని కాసుకుని కూర్చున్నారు. దిగాక ఉద్యోగం పోయింది.

గుంపు గురించిన ఆ భాగాల మీద చాలా మాట్లాడుకున్నాం. నన్ను మాత్రం ఇప్పటికీ వదలని అధ్యాయం పుస్తకం చివర్లో వస్తుంది. అందులో గుంపు ఉండదు, అరుపులుండవు. ఒక కంపెనీ, ఒక ఫోన్, ఫోన్‌కి ఇవతల ఒక అమ్మాయి. ఈమె 2012లో ఒక సైనిక శ్మశానంలో, నిశ్శబ్దం పాటించమనే బోర్డు పక్కన నిలబడి అరుస్తున్నట్టూ వేలు చూపిస్తున్నట్టూ ఫొటో దిగింది. బోర్డు ఏం చెయ్యొద్దంటే అది చేస్తూ ఫొటో దిగడం ఆమెకీ స్నేహితురాలికీ ఒక ఆట. ఆ ఆట తెలిసినవాళ్ల కోసం ఫేస్‌బుక్‌లో పెట్టిన ఫొటో తెలియనివాళ్ల చేతికి చిక్కింది. ఉద్యోగం పోయింది, చాలాకాలం ఇల్లు కదలడమే మానేసింది. తర్వాత ఇంకో ఉద్యోగం దొరికింది. కానీ కొత్త చోట ఎవరు ఎప్పుడు తన పేరు గూగుల్‌లో కొడతారో అని రోజూ భయమే.

రాన్సన్ ఆమెని రెప్యుటేషన్.కామ్ అనే కంపెనీకి కలుపుతాడు. ఆ స్థాయి సేవ ఆమె కొనుక్కోగలిగింది కాదు. పుస్తకం కోసమని ఉచితంగా చేస్తారు. కంపెనీ మనిషి ఫోన్ చేసి నీకేమేం ఇష్టమని అడుగుతాడు. పిల్లులు, ఐస్‌క్రీమ్, ఆ వారం అందరూ వింటున్న పాప్ పాటలు, ప్రయాణాలు. ఆ ముడిసరుకుతో ఆమె పేరు మీద కొత్త పేజీలు, ప్రొఫైళ్లు పుట్టుకొస్తాయి. అవి నెమ్మదిగా పైకెక్కుతుంటే ఫొటో కిందకి జారుతుంది. అంతా బాగానే జరుగుతోంది. అయినా రాన్సన్‌కి మనసొప్పదు. ఆమెని ఇబ్బందుల్లో పడేసింది ఆమెలోని చిలిపితనం, తెగింపు. ఇప్పుడు ఆ చిలిపితనాన్నే తుడిచేసి చప్పిడి మనిషిని తయారుచేస్తున్నామే అని అతని బాధ.

రాన్సన్ ఆ బాధ చెప్పి పక్క అధ్యాయంలోకి వెళ్లిపోతాడు. నాకు అక్కడే ఆగి చూడాలనిపిస్తుంది. ఆ కంపెనీ చేసిన పని చివరికి రాత పని. ఒక మనిషి పేరు మీద కొన్ని వందల వాక్యాలు రాశారు. ఏ వాక్యాన్నీ ఎవరూ పట్టుకుని నిలదియ్యలేకుండా ఉండడమే వాటికున్న ఒకే ఒక్క గుణం. ఆ గుణమే ఇవాళ డబ్బులు తీసుకోకుండా, కంపెనీ ప్రమేయం లేకుండా, మన వాక్యాల్లోకి వచ్చేసిందని నా అనుమానం.

*

ముందు ఈ పని ఎలా జరుగుతుందో చూద్దాం. సెర్చ్ ఇంజిన్ ముఖ్యంగా చేసేది ఎవరో రాసినదాన్ని వరసలో పెట్టడం. మన మీద ఎవరో రాసిన పేజీని తీసెయ్యాలంటే రాసినవాళ్లు ఒప్పుకోవాలి, లేదా చట్టం కలగజేసుకోవాలి. అందుకని ఈ వ్యాపారం చెరిపెయ్యడం మీద పెద్దగా ఆశ పెట్టుకోదు. పూడ్చిపెడుతుంది. జనం మొదటి పేజీ దాటి వెళ్లడం అరుదు కాబట్టి ఆ మొదటి పేజీలోని పదో పరకో స్థానాలు నింపితే చాలు. సొంత పేరుతో ఒక సైటు, లింక్డిన్‌లో ఒక ప్రొఫైల్, ఇంకో నాలుగుచోట్ల ఖాతాలు, ఒకదాన్నుంచి ఇంకోదానికి లింకులు. అన్నీ ఒకేరోజు కాకుండా, సహజంగా కనపడేలా ఆగి ఆగి.

కాపలా కాయడానికి కూడా సరంజామా ఉంది. గూగుల్ అలర్ట్స్‌లో పేరు నమోదు చేసుకుంటే ఆ పేరు కొత్తగా ఎక్కడ కనబడినా మెయిల్ వస్తుంది. 2022లో గూగుల్ మొదలుపెట్టిన ఒక సదుపాయంతో, ఫలితాల్లో మన ఫోన్ నంబరో ఇంటి చిరునామానో కనబడితే తీసెయ్యమని అడగొచ్చు. ఇవి పనికొచ్చేవే. ముఖ్యంగా వేధింపులు ఎదుర్కొనే ఆడవాళ్లకి. వాటితో నాకు పేచీ లేదు.

పేచీ వాక్యంతో. పూడ్చిపెట్టడానికి వాడే మట్టి ఎలాంటిదో చూడండి. ‘కథలంటే ప్రాణం. కాఫీ ఉంటే చాలు. ఎప్పటికీ నేర్చుకుంటూ ఉండే విద్యార్థిని.’ ఇలాంటి పరిచయం మీరు ఎన్నిచోట్ల చదివుంటారు? ఒకరిది తీసి ఇంకొకరికి అతికిస్తే ఎవరికీ తేడా తెలియదు. తెలియకూడదు కూడా. తేడా ఉన్నచోట పట్టు దొరుకుతుంది, పట్టు దొరికిందంటే లాగుతారు. కథకుడికి గురువులు చెప్పేది దీనికి తలకిందులు: పాత్ర చేతిలో కాఫీ పెట్టకు, ఏ గ్లాసు పెట్టావో చెప్పు. ఆ గ్లాసు ఇత్తడిదా స్టీలుదా అనేదాంట్లోంచి ఊరు, కులం, ఇంటి సంగతి బయటపడతాయి. అలా బయటపడడమే సాహిత్యానికి కావాలి. మంచిపేరుకి అదే గండం.

*

తెలుగులో ఈ సంగతి మాట్లాడుకోవాలంటే గిరీశం దగ్గరికి వెళ్లక తప్పదు. ‘కన్యాశుల్కం’ మొదటిసారి వేదికెక్కింది 1892లో, పుస్తకంగా వచ్చింది 1897లో. మనమిప్పుడు చదివే, బాగా పెరిగిన రూపం 1909 నాటిది. అందులో గిరీశం తన పేరు తాను చూసుకునే వృత్తిలో ఉన్నవాడు. వెంకటేశానికి ఒక ప్రొఫైల్ చూపిస్తాడు, బుచ్చమ్మకి ఇంకొకటి, అగ్నిహోత్రావధాన్లకి ఇంకొకటి, సౌజన్యారావు పంతులుకి మరొకటి. అన్నిట్లోనూ భాష వేరు, విలువలు వేరు, ఇంగ్లీషు పాలు వేరు.

ఇదంతా సాగడానికి గిరీశం తెలివి ఒక్కటే చాలదు. దూరం సాయం చేసింది. విజయనగరంలో మిగిల్చిన అప్పులు కృష్ణరాయపురం అగ్రహారం దాకా అతని కంటే ముందు రాలేవు. తెలుగులో ‘నలుగురు ఏమనుకుంటారు’ అంటాం కదా, ఆ నలుగురూ నిజంగానే లెక్కకి అందే మనుషులు. వీధి మారితే నలుగురూ మారతారు. పరువు పోయినవాడు ఊరు మారితే మళ్లీ కొత్తగా బతకొచ్చు. ఆ కొత్త బతుకులో బాగుపడినవాళ్లూ ఉన్నారు, గిరీశంలా ఇంకో ఇల్లు ముంచినవాళ్లూ ఉన్నారు.

ఆఖరి అంకంలో సౌజన్యారావు ఇంట్లో మధురవాణి ఉండగా గిరీశం వచ్చి పడతాడు. అతన్ని వేరువేరు పేజీల్లో చదివిన ఇద్దరు పాఠకులు ఒకే గదిలో ఉన్నారు. అంతే, కథ అయిపోయింది. సోషల్ మీడియాని చదివే పరిశోధకులు ‘కాంటెక్స్ట్ కొలాప్స్’ అని ఒక మాట వాడతారు. వేరువేరు మనుషులతో వేరువేరుగా మాట్లాడుకునే గదుల మధ్య గోడలు కూలి, అమ్మా బాసూ పాత ప్రేమికుడూ ఒకే హాల్లో కూర్చుని వినడం. గిరీశానికి నాటకం మొత్తంలో ఒకసారి జరిగింది మనకి పోస్టు పెట్టిన ప్రతిసారీ జరుగుతోంది.

మరి అప్పుడు మనం ఏం చేస్తాం? గదిలో ఉన్న అందరికీ సరిపోయే మాట ఒకటి వెతుక్కుంటాం. అలాంటి మాట ఏముంటుంది, శుభోదయం తప్ప? గిరీశానికి ఒక రెప్యుటేషన్ కంపెనీ దొరికుంటే నాటకంలో అతని పాత్ర మూడు ముక్కలకి మించేది కాదు. అతను మోసగాడని తెలిసీ నూరేళ్ల పైబడి అతని మాటలు వినబుద్ధి అవుతోందంటే, ప్రతి మాటలోనూ అతను దొరికిపోతున్నాడు కాబట్టే.

*

ఇక్కడ ఒక మెలిక ఉంది, రాన్సన్ పుస్తకం దాన్ని సరిగ్గా విప్పలేదు. గిరీశం బండారం బయటపడడం మంచి పనా చెడ్డ పనా? మంచిదే అంటాం. బుచ్చమ్మ వైపు నుంచి చూస్తే మరీ. మధురవాణి నోరు విప్పకపోతే ఆ ‘సంస్కర్త’ పేరు అలాగే నిలిచేది. అంటే పరువు తీయడం అన్నివేళలా గుంపు చేసే పాపం కాదు. కొన్నిసార్లు బలహీనుల చేతిలో ఉన్న ఏకైక ఆయుధం అదే.

రాన్సన్ పుస్తకం మొదలయ్యే తీరు చూస్తే ఈ చిక్కు అతనికి లోలోపల తెలుసనిపిస్తుంది. కొందరు అధ్యాపకులు అతని పేరుతో, ఫొటోతో ట్విట్టర్‌లో ఒక బాట్ పెడతారు. అది తిండి గురించి ఏవేవో పిచ్చి ట్వీట్లు పెడుతుంటుంది. తీసెయ్యమంటే తియ్యరు. రాన్సన్ వాళ్లని కలిసి, ఆ మాటల్ని వీడియో తీసి జనం ముందు పెడతాడు. జనం వాళ్లని చెడామడా తిడతారు, బాట్ మాయమవుతుంది. అవమానించే గుంపు గురించిన పుస్తకం ఒక గుంపు సాయంతో సొంత పేరు వెనక్కి తెచ్చుకోవడంతో మొదలవుతుందన్నమాట. ఆ గెలుపు తనకి ఎంత బాగుందో అతను దాచుకోడు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

కానీ తర్వాత పుస్తకమంతా అవమానపడ్డవాళ్ల ఇళ్ల చుట్టూనే తిరుగుతుంది. ఎవరి పరువు పోతే సమాజానికి మేలు, ఎవరి పరువు పోతే అన్యాయం అనే తూకం ఎక్కడా గట్టిగా వెయ్యడు. విమానం ఎక్కిన మామూలు ఉద్యోగీ, జోనా లేరర్ అనే పేరున్న రచయితా పక్కపక్కనే కూర్చుంటారు. లేరర్ తన 2012 పుస్తకంలో బాబ్ డిలన్ అననివి అన్నట్టు రాశాడు. ప్రచురణకర్త పుస్తకాన్ని వెనక్కి తీసుకున్నాడు. మరుసటి ఏడాది ఒక వేదిక మీద లేరర్ క్షమాపణ చెబుతుంటే, జనం పెడుతున్న ట్వీట్లు అప్పటికప్పుడు తెర మీద కనబడుతుంటాయి. దృశ్యంగా భయంకరంగా ఉంటుంది, నిజమే. అయినా పాఠకులకి అబద్ధం అమ్మినవాడి పేరు దెబ్బతినడమూ, 170 మందికి ఒక పిచ్చి జోకు చెప్పినామె బతుకు కూలడమూ ఒకటి కాదు.

మన దేశంలో ఈ తూకం ఒక కోర్టు వేసింది. 2018 అక్టోబరులో జర్నలిస్టు ప్రియా రమణి, అప్పుడు కేంద్రంలో మంత్రిగా ఉన్న ఎం.జె. అక్బర్ మీద లైంగిక వేధింపుల ఆరోపణ చేసింది. అక్బర్ దాన్ని ఖండించి, ఆమె మీద క్రిమినల్ పరువునష్టం కేసు వేసి, పదవికి రాజీనామా చేశారు. 2021 ఫిబ్రవరి 17న ఢిల్లీ కోర్టు ఆమెని నిర్దోషిగా తేల్చింది. ఆడవాళ్ల గౌరవాన్ని బలిచ్చి పరువు హక్కుని కాపాడలేమనీ, దశాబ్దాల తర్వాతైనా తనకి నచ్చిన వేదిక మీద బాధ చెప్పుకునే హక్కు స్త్రీకి ఉందనీ ఆ తీర్పు సారం. అక్బర్ దాని మీద అప్పీలుకి వెళ్లారు. అది ఎటు తేలినా, పరువు ఒక్కటే తూకంలో ఉండదనీ, అటువైపు తక్కెడలో ఇంకో మనిషి ఉంటుందనీ ఆ తీర్పు గుర్తుచేసింది. అంతకుముందు 2016లో సుప్రీంకోర్టు క్రిమినల్ పరువునష్టం సెక్షన్లు రాజ్యాంగబద్ధమేనని చెప్పింది. పరువు కూడా జీవించే హక్కులో భాగమే అంది. ఈ రెండు తీర్పుల మధ్య సందులోనే మనం రాసుకుంటున్నాం.

మర్చిపోయేలా చేసే హక్కు గురించి కూడా ఇదే ప్రశ్న వేసుకోవాలి. స్పెయిన్‌లో ఒకాయన అప్పుల కింద ఆస్తి వేలానికి వచ్చినట్టు 1998లో ఒక పత్రికలో ప్రకటన పడింది. అప్పు తీరిపోయి ఏళ్లు గడిచినా పేరు కొడితే అదే పైకొచ్చేది. 2014 మే 13న యూరోపియన్ కోర్టు గూగుల్ ఫలితాల్లోంచి ఆ లింకు తొలగించాలంది. పత్రికలో ప్రకటన మాత్రం అలాగే ఉంది. నాకు ఈ పరిష్కారంలో ఒక అందం కనిపిస్తుంది. చరిత్రని చింపలేదు, ఆ మనిషి పేరుని దానికి కట్టేసిన తాడు ఒకటి విప్పారు. వెతుక్కుంటూ లైబ్రరీకి వెళ్లేవాళ్లకి కాగితం దొరుకుతుంది. ఊరికే పేరు కొట్టిన ఇంటి ఓనరుకి దొరకదు. మామూలు మనిషికి, పాతబడ్డ సంగతికి ఈ హక్కు ఉండాలి. అధికారంలో ఉన్నవాళ్లకి, ఇంకా మానని గాయానికి ఉండకూడదు. పైన చెప్పుకున్న ఫొటో అమ్మాయికి నిజంగా కావలసింది ఈ హక్కే. అది దొరక్క ఐస్‌క్రీమ్‌తో సరిపెట్టుకుంది.

*

ఇప్పుడు మన సంగతికి, అంటే పుస్తకాలు రాసి, చదివి, వాటి గురించి నాలుగు మాటలు రాసేవాళ్ల సంగతికి వద్దాం. ఇక్కడ నాకు సాయం వచ్చింది ఒక పాత చట్టం. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ 499వ సెక్షన్. పరువునష్టం అంటే ఏమిటో చెప్పాక పది మినహాయింపులిస్తుంది. ఆరోది మన కోసమే రాసినట్టుంటుంది. ఎవరైనా పుస్తకం ప్రచురించారంటే దాన్ని జనం తీర్పుకి అప్పగించినట్టేనట. ఆ పుస్తకం మంచిచెడ్డల మీద సద్బుద్ధితో ఏం చెప్పినా పరువునష్టం కాదు. పుస్తకం తెలివితక్కువగా ఉంది కాబట్టి రాసినవాడు బలహీనుడై ఉంటాడని కూడా అనొచ్చు. ఎందుకంటే ఆ మాట పుస్తకంలో కనబడిన మనిషి వరకే వర్తిస్తుంది. కానీ వీడు చెడ్డవాడు కాబట్టి వీడి పుస్తకం ఇలా ఏడవడంలో వింతేముంది అన్నావో, మినహాయింపు వర్తించదు. పుస్తకం నుంచి మనిషికి వెళ్లొచ్చు, మనిషి నుంచి పుస్తకానికి రాకూడదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఈ సెక్షన్ 356గా, మినహాయింపులతో సహా కొనసాగుతోంది.

విమర్శ పాఠాల్లో ఇంతకంటే శుభ్రమైన సూత్రం నేను చదవలేదు. వలస పాలకులు తయారుచేసిన క్రిమినల్ చట్టంలో అది దొరకడం విడ్డూరమే.

ఆన్‌లైన్‌లో ఆ దారి పూర్తిగా తిరగబడింది. ఒక కథ బాగుందని ఎవరో షేర్ చేస్తారు. కథ తెరిచే ముందు రాసినవాళ్ల ప్రొఫైల్ తెరుస్తాం. ఏ ఊరు, ఏ కులం, ఏ పార్టీ, ఎవరితో ఫొటో దిగారు, మొన్నటి గొడవలో ఎటున్నారు. ఆ లెక్క తేలాక కథ చదువుతాం, ఒక్కోసారి చదవం కూడా. తెలుగులో ఇది ఇంటర్నెట్‌తో మొదలవలేదు. 1927 నాటి ‘మైదానం’ మీద విరుచుకుపడినవాళ్లకి రాజేశ్వరి కంటే చలం ఇంటి విషయాలే ఎక్కువ కావలసొచ్చాయి. 1950లో చలం బెజవాడ వదిలి అరుణాచలం వెళ్లిపోయేనాటికి ఆయన పేరుకున్న వాసన ఆయన వాక్యం కంటే ముందే ఊళ్లోకొచ్చేది. కానీ చలం ఆ పేరు చూసుకుని వాక్యం మార్చుకోలేదు. ఇప్పటి తేడా అక్కడుంది. పాఠకుడు మనిషి నుంచి పుస్తకానికి వస్తున్నాడని రచయితకి ముందే తెలుసు. అందుకని పుస్తకం కంటే ముందు మనిషిని దిద్దుకుంటున్నాడు. దిద్దిన మనిషికి తగ్గ పుస్తకం తర్వాత వస్తుంది.

దీని ఫలితం కథల్లో కంటే సమీక్షల్లో తొందరగా కనబడుతుంది. సమీక్ష రాసినవాడి పేరు మీద కూడా సెర్చ్ ఫలితం పుడుతుంది కదా. ఫలానా పుస్తకాన్ని బాగాలేదన్నవాడు అని తన పేరు కింద పడి ఉండడం ఎవరికి ఇష్టం? రేపు అదే రచయిత ఒక జ్యూరీలో కూర్చోవచ్చు, అదే ప్రచురణకర్త మన పుస్తకం వెయ్యొచ్చు. అందుకని ట్యాగ్ చేసుకోవడానికి వీలుగా ఉండే సమీక్షలొస్తాయి. ‘తప్పక చదవాల్సిన పుస్తకం’, ‘గుండెని తడిపింది’, ‘రచయితకి అభినందనలు’. రచయిత షేర్ చేస్తాడు, సమీక్షకుడికి నాలుగు వందల లైకులొస్తాయి, ఇద్దరి పేర్లూ బాగుంటాయి. పుస్తకానికి మాత్రం పాఠకుడు దొరకలేదు. ఇవి పిల్లుల సమీక్షలు, ఐస్‌క్రీమ్ సమీక్షలు. అదే పుస్తకం గురించిన అసలు విమర్శ వాట్సాప్ గ్రూపుల్లో, స్క్రీన్‌షాట్ తీయరనుకున్నవాళ్ల మధ్య నడుస్తుంటుంది. అక్కడి వాక్యాల్లో ప్రాణం ఉంటుంది, బాధ్యత ఉండదు. బయటి వాక్యాల్లో బాధ్యత ఉన్నట్టుంటుంది గానీ ప్రాణం లేదు.

*

‘బ్లాక్ మిర్రర్’ సిరీస్‌లో ‘నోస్‌డైవ్’ అని 2016లో వచ్చిన ఎపిసోడ్ ఈ భయాన్ని అందరికీ అర్థమయ్యేలా చూపించింది. లేసీ అనే అమ్మాయి ఉన్న లోకంలో అందరూ అందరికీ అయిదింట్లో మార్కులు వేసుకుంటారు. ఆమెకి 4.2 ఉంది. కోరుకున్న ఇంటి అద్దెలో రాయితీకి 4.5 కావాలి. దాని కోసం పాత స్నేహితురాలి పెళ్లికి బయల్దేరి, దారిలో ఒక్కొక్క పాయింటే పోగొట్టుకుని, చివరికి జైలు గదిలో తేలుతుంది. అక్కడ ఎదుటి గదిలో ఉన్న మనిషితో నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ నవ్వుతుంది. మార్కులు లేవు కాబట్టి స్వేచ్ఛ.

లేత రంగుల ఆ లోకం బాగుంటుంది. బ్రైస్ డాలస్ హవర్డ్ అద్దం ముందు నవ్వు ప్రాక్టీస్ చేసే చోట ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఆ ముగింపుతో నాకు పేచీ ఉంది. చప్పిడి మాటకి విరుగుడు బూతుమాట అన్నట్టుంటుందది. రెండూ ఒకే నాణెం. నువ్వంటే నాకిష్టం అని అందరితో అనడమూ, నువ్వంటే నాకసహ్యం అని ఎదుట కనబడినవాడితో అనడమూ, రెండింట్లోనూ ఎదుటి మనిషిని చూడక్కర్లేదు. మన టైమ్‌లైన్లలో కూడా ఈ రెండు రకాల వాక్యాలే ఎక్కువ కనబడతాయి. పొద్దున్న శుభాకాంక్షలు, రాత్రి బూతులు. మధ్యలో ఉండాల్సిన వాక్యం, ‘ఈ కథ మూడో పేజీ దాకా నన్ను నమ్మించింది, ఆ తర్వాత ఎందుకు నమ్మలేకపోయానంటే’ అని మొదలయ్యే వాక్యం, అరుదైపోయింది. దాని కింద పేరు పెట్టాలి, రేపు దానికి జవాబు చెప్పాలి. లేసీకి జైల్లో దొరికిన స్వేచ్ఛ కంటే ఇది కష్టం.

ఎపిసోడ్ వదిలేసిన సంగతి ఇంకొకటుంది. అందులో మార్కులు వేసేది ఎదుటివాళ్లు. మన విషయంలో ముందు మార్కులు వేసుకునేది మనమే. పోస్టు టైపు చేసి, వెనక్కి చదివి, ఎవరికి ఎక్కడ తగులుతుందో లెక్కేసి, ఒక విశేషణం తీసేసి, ఒక పేరు తీసేసి, చివరికి మొత్తం తీసేసి ఒక సూర్యాస్తమయం ఫొటో పెడతాం. ఆ తీసేసిన వాక్యం ఏ సెర్చ్‌లోనూ దొరకదు. నష్టం ఎంతో లెక్కకట్టడానికి కూడా వీల్లేదు.

*

మరి పేరు గాలికొదిలెయ్యమంటావా అని అడగొచ్చు. వదలక్కర్లేదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు, లాగిన్ కాని విండోలో సొంత పేరు కొట్టి చూసుకోవడం మంచిదే. ఇంటి చిరునామా, ఫోన్ నంబరు కనబడితే తీయించెయ్యాలి. పాత ఫొటోల్లో ఇష్టం లేని స్నేహితులుంటే తియ్యాలి. ఎవరినో కించపరిచిన మాట అక్కడుంటే, తీసి ఊరుకోకుండా వాళ్లకి చెప్పి తియ్యాలి. ఇవన్నీ ఇంకొకరి పట్ల మనకున్న బాధ్యతలు.

తియ్యకుండా వదలాల్సినవి కూడా ఉన్నాయి. పందొమ్మిదేళ్లప్పుడు రాసిన చెడ్డ కవితలు. తర్వాత మారిపోయిన అభిప్రాయాలు. అప్పట్లో గొప్పదనుకుని ఆకాశానికెత్తిన నవల మీద సమీక్ష. వాటి పక్కన తేదీ ఉంటుంది కదా, అది చాలు. పాతబడే హక్కు మనకి కావాలంటే ముందు ఎదుటివాళ్ల తేదీ చూసే అలవాటు మనకుండాలి. పదేళ్ల నాటి పోస్టు స్క్రీన్‌షాట్ తీసి ఈ పొద్దున అన్నట్టు పంచేవాళ్లలో మనం ఉండకపోతే, సగం పని అయినట్టే. రాన్సన్ కథల్లో గుంపులో చేరిన ఎవరికీ తాము గుంపులో ఉన్నామని అనిపించలేదు. ఒక చిన్న న్యాయం చేస్తున్నామనే అనుకున్నారు.

ఆ అధ్యాయంలో చివరికి ఒక చిన్న వివరం వస్తుంది. కంపెనీ పని ఫలిస్తూ ఉండగా, ఆ అమ్మాయి పేరు కొడితే శ్మశానం ఫొటో పక్కన కొత్త మొహాలు పైకి రావడం మొదలవుతాయి. అవి ఆమెవి కావు. అదే పేరున్న వేరే అమ్మాయిలవి. వాళ్లలో ఒకామె ఈతగత్తె. నీళ్లలో, పోటీ మధ్యలో, గెలవబోతూ ఉంటుంది. పేరు కాపాడే పని అంత బాగా జరిగిందన్నమాట: ఆ పేరు మీద అందరూ ఉన్నారు, ఆమె తప్ప.